మూడో మనిషిని వెతికే ముందు

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. విజయవాడ పటమటలో ఉంటాం. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్‌ని. అమ్మానాన్నలు గుంటూరు బ్రాడీపేటలో సొంతింట్లో ఉంటారు. అమ్మకు 74, నాన్నకు 79. నాన్న హెడ్‌మాస్టర్‌గా రిటైరయ్యారు. ఎనిమిది నెలల కిందట అమ్మకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఇప్పుడు ఎవరైనా పట్టుకుంటే నాలుగడుగులు వేస్తుంది. మాట ముద్దగా వస్తుంది. ఉన్నట్టుండి ఏడుస్తుంది. స్నానం, బాత్రూమ్, అన్నం పెట్టడం అన్నిటికీ మనిషి కావాలి. రాత్రిళ్లు నాన్నే మూడు నాలుగుసార్లు లేస్తున్నారు. నేను వారంలో నాలుగు రోజులు స్కూల్ అయ్యాక బస్సెక్కి గుంటూరు వెళ్లి, రాత్రి పదింటికి ఇల్లు చేరుతున్నాను.

ఏజెన్సీ ద్వారా ఇద్దరిని పెట్టాం. మొదటి ఆవిడ పదకొండు రోజులకే చెప్పకుండా వెళ్లిపోయింది. రెండో అమ్మాయి రెండు నెలలు ఉంది. అమ్మ ఆమె చేత్తో పెడితే అన్నం తినేది. ఒకరోజు నాన్న ఉంగరం కనిపించలేదు. నాన్న ఆమెను గట్టిగా నిలదీశారు. సాయంత్రానికి బ్యాగు సర్దుకుని వెళ్లిపోయింది. పది రోజుల తర్వాత ఉంగరం బీరువాలోనే దొరికింది. అప్పటి నుంచి నాన్న "బయటి మనిషి వద్దు, నా భార్యను నేను చూసుకోగలను" అంటున్నారు. డాలస్‌లో ఉన్న తమ్ముడు మంచి హోమ్‌లో చేర్పిద్దామంటాడు. ఇల్లు తన పేరున రాస్తే ఖర్చంతా తనే పెట్టుకుంటానని కూడా ఈమధ్య అన్నాడు. బంధువులేమో "కూతురివి నువ్వుండగా జీతానికి మనిషేంటి" అంటున్నారు. ఏజెన్సీ వాళ్లు ఇంకొకరిని పంపుతాం, 24 గంటలూ ఉంటుంది, నెలకు 24 వేలు, ఒక నెల అడ్వాన్స్ అంటున్నారు. పెట్టమంటారా? నాన్నను ఎలా ఒప్పించాలి? పేరు వేయొద్దు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒకే వాక్యం దగ్గర ఆగాను. "అమ్మ ఆమె చేత్తో పెడితే అన్నం తినేది" అని రాశారు. కుడి చెయ్యి పడిపోయి, మాట సరిగ్గా రాక, ఎడమ చేత్తో చెంచా పట్టుకోవడానికి నామోషీ పడే మనిషి, ముక్కూమొహం తెలియని ఒక అమ్మాయి పెట్టిన ముద్దకు నోరు తెరిచిందంటే అది చిన్న సంగతి కాదు. ఆ నమ్మకం కుదరడానికి ఆ అమ్మాయి ఎంత ఓపిక పట్టిందో, మీ అమ్మగారు లోపల ఎంత సర్దుకున్నారో వాళ్లిద్దరికే తెలుసు. అదంతా ఒక్క సాయంత్రంతో పోయింది. ఉంగరం దొరికిందన్నారు. దొరికిందని ఆమెకు ఎవరైనా చెప్పారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు.

మనిషిని పెట్టాలా అని అడిగారు. పెట్టాలి, ఆలస్యం చేయకుండా పెట్టాలి. కానీ ఇద్దరు నిలవని ఇంట్లో ఏమీ మార్చకుండా మూడో మనిషిని తెస్తే ఆమె కూడా నిలవదు. ముందు ఇల్లు సిద్ధం కావాలి. అడ్వాన్స్ కట్టడం ఆ తర్వాతి పని.

మా అత్తగారు సత్యనారాయణపురంలో మా ఇంట్లోనే నాలుగేళ్లు మంచంలో ఉన్నారు. ఆ నాలుగేళ్లలో ఐదుగురు మారారు. మొదటి ముగ్గురూ వెళ్లిపోయినప్పుడు "ఈ రోజుల్లో మనుషులు నిలవడం లేదు" అని ఇంటిల్లిపాదీ అనుకున్నాం. నాలుగో ఆవిడ వెళ్లే రోజు గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఆగి అంది: "పగలంతా చేశాను, రాత్రంతా లేచాను. నావీ రెండు కళ్లే కదమ్మా." ఆమె మా ఇంట్లో ఉన్న ఐదు వారాల్లో ఒక్క రాత్రి కూడా వరుసగా నాలుగు గంటలు పడుకోలేదని నాకు అప్పుడు తట్టింది. అడిగితే తెలిసేది. నేను అడగలేదు.

అందుకే ఏజెన్సీ వాళ్లు చెప్పే "24 గంటలు" అన్న మాట మీద ముందు ఒక నిర్ణయానికి రండి. మనిషి రాత్రి మీ ఇంట్లో ఉంటుంది, అంతవరకే. 24 గంటలూ పని చేసే మనిషి ఎక్కడా లేదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి వరకు ఆ సమయం ఆమెది అని మొదటి రోజే చెప్పండి. పడుకుంటుందో, ఇంటికి ఫోన్ చేసుకుంటుందో ఆమె ఇష్టం. ఆ మూడు గంటలు నాన్నగారు అమ్మగారి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటారు. పేపర్ చదివి వినిపిస్తారు. ఆదివారం ఆమెకు సెలవు, ఆ రోజు మీది. వారంలో నాలుగు సాయంత్రాలు బస్సుల్లో పడి గంటసేపు ఉండి రావడం కంటే, శనివారం రాత్రే వెళ్లి ఆదివారమంతా ఉండటం మీ అమ్మగారికీ మేలు, మీకూ మేలు. సంక్రాంతికి ఆమె ఊరెళ్తుంది. ఆ మూడు నాలుగు రోజులు ఎవరు చూడాలో డిసెంబర్‌లోనే అనుకోవాలి, భోగి ముందు రోజు కాదు.

రాత్రి లేవడం కూడా కొంత తగ్గించవచ్చు. మీ అమ్మగారు వేసుకునే బీపీ మందుల్లో మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మాత్ర ఉందేమో డాక్టర్‌ని అడగండి. ఉంటే, సాయంత్రం వేస్తున్నట్లయితే, పొద్దునకు మార్చవచ్చా అని అడగండి. మీ అంతట మీరు మార్చొద్దు. మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెడితే రాత్రి బాత్రూమ్ దాకా నడిపించే పని తప్పుతుంది. రాత్రికి మాత్రం డయాపర్ వేయాలా వద్దా అన్నది మీ అమ్మగారినే అడగండి. మాట రాకపోయినా తల ఊపగలరు కదా. ఆవిడ ముందే ఆవిడ గురించి "డయాపర్ వేసేద్దాం" అని మనలో మనం తేల్చేసుకోవడం ఎంత బాధపెడుతుందో మా అత్తగారి కళ్లలో చూశాను.

ఇంకో సంగతి మీరు రాయలేదు, అయినా అడుగుతున్నాను. ఆ అమ్మాయి ఏ పళ్లెంలో తినేది? ఎక్కడ కూర్చుని తినేది? చాలా ఇళ్లలో గ్లాసు వేరు, పళ్లెం వేరు, అది పెరట్లో బోర్లించి ఉంటుంది. మన అమ్మ నోరు తుడిచి, ఒళ్లు కడిగి, మలమూత్రాలు ఎత్తే చేతులు మన పళ్లెం ముట్టుకోకూడదనడం అన్యాయం. మీ ఇంట్లో ఆ పద్ధతి ఉంటే ఈ రోజే ఆపండి. నాన్నగారు ఒప్పుకోకపోతే కూతురిగా మీరు గట్టిగా నిలబడాల్సిన చోటు ఇదే.

ఇక ఉంగరం. వయసు మీద పడ్డాక వస్తువులు ఒకచోట పెట్టి ఇంకోచోట వెతకడం ఎవరికైనా జరుగుతుంది. అలాంటప్పుడు ముందుగా వేలు వెళ్లేది ఇంట్లో పరాయి మనిషి మీదికే. కాబట్టి కొత్త మనిషి రాకముందే బంగారమంతా, ఆ ఉంగరంతో సహా, బ్యాంకు లాకర్‌కి పంపండి. ఇంటి ఖర్చుకు ఒక చిన్న డబ్బా, దానికొక పుస్తకం. పాలు, కూరలు, మందులు ఏవి కొన్నా నాన్నగారే రాస్తారు. అనుమానానికి తావే లేకుండా చేయడం రెండు వైపులా కాపాడుతుంది. తమ్ముడు సీసీ కెమెరా పెట్టమంటే హాల్లో పెట్టుకోవచ్చు, అదీ ఆమెకు ముందే చెప్పి. అమ్మగారికి బట్టలు మార్చే గదిలో మాత్రం వద్దు. డాలస్‌లో ఫోన్‌లో కనిపించే ఆ బొమ్మలో ఉండేది మీ అమ్మగారు.

నాన్నగారిని ఎలా ఒప్పించాలన్నారు. ఆయన మాటను మొండితనం అనుకోవద్దు. యాభై ఏళ్లు తనకు వండి పెట్టిన మనిషికి ఇప్పుడు తను చేయాలనుకుంటున్నారు. అందులో ప్రేమ ఉంది. తప్పు మనిషిని అనుమానించానన్న సిగ్గు కూడా ఉండి ఉంటుంది. హెడ్‌మాస్టర్‌గా పనిచేసిన మనిషికి పది రోజుల తర్వాత బీరువాలో ఆ ఉంగరం చూసినప్పుడు ఏమనిపించి ఉంటుందో ఆలోచించండి. "వద్దు" అనేస్తే ఆ సంగతి మళ్లీ ఎత్తాల్సిన పని ఉండదు.

ఆయనతో "మీ వల్ల కాదు" అనకండి. అమ్మను ఎత్తడం ఇద్దరు పట్టాల్సిన పని అని చెప్పండి, అది నిజం కూడా. 79 ఏళ్ల మనిషి నిద్రకళ్లతో లేచి, తనకంటే బరువైన మనిషిని ఒంటరిగా లేపబోతే ఇద్దరూ కలిసి పడతారు. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఆపరేషన్, నెలల తరబడి మంచం. ఈ మాట మీరు చెబితే కూతురి భయం అనుకుంటారు. అమ్మగారిని చూసే డాక్టర్‌ చేత చెప్పించండి. ఆ రోజే నాన్నగారి బీపీ, షుగర్ కూడా చూపించండి. ఈ ఎనిమిది నెలల్లో ఆయన తన కోసం డాక్టర్ దగ్గరికి వెళ్లి ఉండరని నా అనుమానం.

తర్వాత ఆయన చేతిలో ఒక లాంగ్‌బుక్ పెట్టండి. రోజుకో పేజీ. పొద్దున బీపీ ఎంత, ఏ మాత్ర ఎన్నింటికి వేశారు, ఎంత తిన్నారు, నీళ్లు ఎన్ని గ్లాసులు, మోషన్ అయిందా లేదా, ఎన్ని అడుగులు నడిచారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు. ముప్పై ఏళ్లు రిజిస్టర్లు చూసిన చేతికి ఇది కొత్తేమీ కాదు. ఆయనకు ఏదో ఒక పని ఉండాలని ఇలా చెప్పడం లేదు. డాక్టర్ దగ్గరికి ఆ పుస్తకం తీసుకెళ్తే పది నిమిషాల్లో తేలే విషయాలు, అది లేకపోతే "బాగానే ఉందండీ, కొంచెం నీరసం" దగ్గర ఆగిపోతాయి. మందు మార్చినా, మనిషి మారినా ఆ పుస్తకం ఉంటే వరుస తెగదు. వచ్చే ఆమెతో "మా నాన్నగారు చెప్పినట్టు చేయాలి" అని ఆయన ముందే చెప్పండి.

ఇప్పుడు అసలు పని, అప్పజెప్పడం. చాలామంది మనిషిని గుమ్మంలో దించుకుని, అరగంట ఇల్లు చూపించి వెళ్లిపోతారు. మీరు మూడు రోజులు సెలవు పెట్టండి. మొదటి రోజు మీరు చేస్తారు, ఆమె చూస్తుంది. రెండో రోజు ఇద్దరూ చేస్తారు. మూడో రోజు ఆమె చేస్తుంది, మీరు చూస్తారు. ఆ వారంలో ఫిజియోథెరపిస్టును కూడా ఇంటికి రప్పించండి. ఎత్తడం, కూర్చోబెట్టడం, నడిపించడం వాళ్లు చూపించినట్టు మనం చూపించలేం. ఎనిమిది నెలలైంది, ఇక చెయ్యి రాదులే అని వ్యాయామం మానేసి ఉంటే మళ్లీ మొదలుపెట్టండి. మొదటి నెలల్లో వచ్చినంత వేగంగా రాకపోవచ్చు కానీ, ఆ తర్వాత కూడా మెరుగు కనిపిస్తుంది.

కొన్ని సంగతులు మీరే దగ్గరుండి చూపించాలి. పడిపోయిన చెయ్యి పట్టుకుని, లేదా చంక కింద చెయ్యి వేసి పైకి లాగి లేపకూడదు. కండ పట్టు లేని భుజం కీలు దగ్గర జారుతుంది, ఆ నొప్పి నెలలు వేధిస్తుంది. పాపం మీ అమ్మగారు నొప్పి అని చెప్పలేక ఏడుస్తున్నారేమో కూడా చూడండి. లేపేటప్పుడు నడుము దగ్గర పట్టుకోవాలి. కుర్చీ ఎప్పుడూ బాగున్న వైపు, అంటే ఎడమ వైపు వేయాలి. జాకెట్టో నైటీయో వేసేటప్పుడు ముందు కుడి చెయ్యి దూర్చాలి, తర్వాత ఎడమ చెయ్యి. తీసేటప్పుడు ముందు ఎడమ చెయ్యి, ఆఖరున కుడి చెయ్యి. ఈ వరుస తెలియకపోతే రోజూ రెండుసార్లు ఆ పడిపోయిన చేతితో కుస్తీ పడుతుంటారు. ముందు వైపు బొత్తాలుండే నైటీలు నాలుగు కుట్టించండి. అయితే అమ్మగారు ఇన్నేళ్లూ చీర కట్టిన మనిషైతే, బంధువులు వచ్చే రోజు చీర కట్టమని ఆమెకు చెప్పండి. పొద్దున స్నానం కాగానే తల దువ్వి ముడి వేసి, బొట్టు పెట్టి, అద్దం చూపించమనండి. మా ఐదో ఆవిడ ఎవరూ చెప్పకుండానే ఆ పని చేసేది. అద్దంలో చూసుకున్న రోజు మా అత్తగారు ఇడ్లీ ఇంకొకటి తినేవారు.

అన్నం సంగతి మరీ జాగ్రత్త. పడుకోబెట్టి పెట్టకూడదు. వీపు నిటారుగా ఆనించి, గడ్డం కొంచెం కిందికి ఉండేలా కూర్చోబెట్టి, చిన్న చిన్న ముద్దలు, బాగున్న వైపు బుగ్గలో. మింగారని చూశాకే ఇంకో ముద్ద. కుడి బుగ్గలో అన్నం నిలిచిపోతుంది, వాళ్లకు తెలియదు. తిన్నాక వేలికి గుడ్డ చుట్టి తీయాలి. తిన్న తర్వాత అరగంట కూర్చునే ఉండాలి. మంచినీళ్లు తాగితే పొలమారుతుంటే, తిన్నాక గొంతు గరగరలాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి. ఊపిరితిత్తుల్లోకి వెళ్లి నిమోనియా తెచ్చేది అదే. మగతగా ఉన్నప్పుడు, టైమైంది కదా అని బలవంతంగా పెట్టొద్దు.

ఏడుపు గురించి: పక్షవాతం తర్వాత కారణం లేకుండా ఏడుపు రావడం ఆ జబ్బులో భాగంగానే ఉండవచ్చు, డిప్రెషన్ కూడా కావచ్చు. రెంటికీ మందులున్నాయి. ఈసారి న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

ఏజెన్సీతో మాట్లాడేటప్పుడు మీకు నర్స్ కావాలా, కేర్‌టేకర్ కావాలా అన్నది ముందు తేల్చుకోండి. ఇంజెక్షన్లు, యూరిన్ పైపు, ముక్కులో గొట్టం ఉంటే ఏఎన్ఎమ్, జీఎన్ఎమ్ లాంటి కోర్సు చదివిన నర్స్ కావాలి. మీ అమ్మగారికి అవేమీ ఉన్నట్టు లేవు. కాబట్టి నర్స్ రేటు కట్టనక్కర్లేదు. ఓపిక, బలం ఉన్న ఆడమనిషి, పక్షవాతం వచ్చినవాళ్లను ఇంతకుముందు చూసిన మనిషి చాలు. నర్స్ అని చెప్పి పంపితే సర్టిఫికెట్ అడగండి. మీరు కట్టే 24 వేలలో ఆమె చేతికి ఎంత వెళ్తుందో కూడా అడగండి, చెప్పడానికి వెనకాడితే ఆలోచించండి. మనిషి నచ్చకపోతే ఎన్ని రోజుల్లో మారుస్తారు, అడ్వాన్స్ తిరిగి ఇస్తారా, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. ఆధార్ కాపీ తీసుకోండి, పోలీస్ వెరిఫికేషన్ చేయించారో లేదో అడగండి. అది అవమానం కాదు. అందరి దగ్గరా అడిగేదే.

బ్రాడీపేట పాత ఇళ్లలో బాత్రూమ్‌కి గడప, లోపల ఒక మెట్టు ఉంటాయి. మీ ఇంట్లో ఉంటే మనిషి రాకముందే మేస్త్రీని పిలిపించి సమం చేయించండి. గోడకు స్టీలు రాడ్లు, నేల మీద జారని మ్యాట్, స్నానానికి రబ్బరు కాళ్ల కుర్చీ, మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న బల్బు. నాన్నగారికి కూడా ఇవి అవసరమే.

కొత్త మనిషికైనా నాన్నగారికైనా మూడు ప్రమాదాలు కంఠతా వచ్చి ఉండాలి. మొదటిది మళ్లీ పక్షవాతం. మూతి వంకర పోయినా, బాగున్న చెయ్యి పట్టు తప్పినా, ఉన్న మాట కూడా పోయినా వెంటనే 108. నీళ్లు తాగించొద్దు, మాత్ర వేయొద్దు. అప్పటిదాకా బాగున్నది ఎన్నింటికో గుర్తుపెట్టుకోవాలి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇస్తారు, అదీ స్కాన్ తీశాకే. రాత్రిపూట కూడా సీటీ స్కాన్, న్యూరాలజిస్ట్ ఉండే ఆసుపత్రి మీకు దగ్గర్లో, కొత్తపేట వైపు ఏదో ఇప్పుడే కనుక్కుని ఫ్రిజ్ మీద రాసి అంటించండి.

రెండోది ఉన్నట్టుండి తికమకపడటం, పొంతన లేకుండా మాట్లాడటం. మా అత్తగారు ఒక మే నెలలో గోడ వైపు చూస్తూ ఎప్పుడో పోయిన వాళ్లక్కతో మాట్లాడటం మొదలుపెట్టారు. ఒక క్లినిక్‌కి ఫోన్ చేస్తే "వయసు కదండీ" అన్నారు. మేమూ అంతే అనుకుని రెండు రోజులు ఊరుకున్నాం. మూడో రోజు పిలిస్తే పలకలేదు. ఆసుపత్రిలో చూస్తే సోడియం బాగా పడిపోయింది, యూరిన్ ఇన్ఫెక్షన్ కూడా ఉంది. బాగయ్యారు, కానీ ఆ రెండు రోజులు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటాయి. నిన్నటి దాకా బాగున్న మనిషి ఈ రోజు తికమకపడుతుంటే అది వయసు కాదు, ఒంట్లో ఏదో తేడా. అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. రోహిణి కార్తెలో గుంటూరు ఎండ సంగతి మీకు చెప్పాలా. దాహం వేస్తోందని చెప్పలేని మనిషికి అడగకుండానే నీళ్లు, మజ్జిగ అందిస్తుండాలి.

మూడోది పుండ్లు. రోజూ స్నానం చేయించేటప్పుడు నడుము కింద తోక ఎముక దగ్గర, మడమల మీద, తుంటి దగ్గర చూడాలి. ఎర్రగా కందిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే అక్కడ పుండు మొదలవుతున్నట్టే, ఆ వైపు ఆనకుండా చూడాలి. చామనఛాయ ఒంటి మీద ఎరుపు తెలియదు, చుట్టుపక్కల కంటే వెచ్చగానో గట్టిగానో తగులుతుంది. మంచంలో ఎక్కువసేపు ఉండేవాళ్లను రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ఎయిర్ బెడ్ వేశాం కదా అని ఇది మానకూడదు. ఆ బెడ్ కరెంటు మీద నడుస్తుంది. ఇన్వర్టర్‌కి కలపండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పటి నుంచి నేను కరెంటు మీద ఆధారపడే ఏ వస్తువు గురించైనా ఈ మాట చెబుతున్నాను.

తమ్ముడి సంగతి. అతను డబ్బు పంపుతాననడం మంచిదే, పంపించనివ్వండి. ప్రభుత్వ ఉద్యోగులకు, పెన్షనర్లకు ఇచ్చే ఈహెచ్ఎస్ లాంటి ఆరోగ్య కార్డులు ఆసుపత్రిలో చేరితే పనికొస్తాయి కానీ ఇంట్లో మనిషి జీతం ఇవ్వవు, ఇది నెలనెలా చేతి నుంచి పెట్టాల్సిన ఖర్చు. ఇద్దరూ కలిసి మనిషి జీతం, ఫిజియో, మందులు, డయాపర్లు అన్నీ లెక్కగట్టి ఎవరి వంతు ఎంతో రాసుకోండి. మీరు ప్రతి ఆదివారం ఇచ్చే సమయం కూడా ఆ లెక్కలో చేర్చండి. కానీ దానికీ ఇంటికీ ముడి పెట్టనివ్వొద్దు. పక్షవాతం వచ్చిన ఏడాదిలో, దిక్కుతోచని స్థితిలో ఉన్న పెద్దవాళ్ల చేత రిజిస్ట్రేషన్ చేయించడం నాకు నచ్చని పని. ఎప్పటికైనా నాన్నగారు తన ఇష్టంతోనే రాయాలనుకుంటే, తమ ఇద్దరినీ చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే స్పష్టంగా ఉండాలి. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టంలో 23వ సెక్షన్ ప్రకారం, ఆ షరతు తప్పితే ట్రిబ్యునల్‌కి వెళ్లి ఆ రాతను రద్దు చేయించుకోవచ్చు. రాసేముందు తమ్ముడి లాయర్‌ని కాకుండా తనకంటూ ఒక లాయర్‌ని అడగమని చెప్పండి.

హోమ్ అన్నది తప్పు మాటేమీ కాదు. ఇంట్లో చూసేవాళ్లు అసలు లేనప్పుడు అదే దారి. మీకు ఇల్లుంది, తోడుగా నాన్నగారున్నారు, 35 కిలోమీటర్ల దూరంలో మీరున్నారు. వీధిలోని మనుషుల్ని, తన మంచాన్ని గుర్తుపట్టే మీ అమ్మగారు ఆ ఇంట్లోనే ఉండగలరు. అదీ ఆవిడను అడిగే తేల్చండి.

"కూతురివి నువ్వుండగా" అన్నవాళ్లకు జవాబు అక్కర్లేదు. ఆ 2007 చట్టంలోనే కొడుకు, కూతురు ఇద్దరి బాధ్యతా ఒకటే అని ఉంది, అందులో కూతురు ఒంటిచేత్తో చేయాలని లేదు. వాళ్లలో ఎవరైనా మీ సెలవు రోజుల్లో ఒక్క పూట వచ్చి కూర్చుంటామంటే సంతోషంగా రమ్మనండి. మీకు నిద్ర పట్టకపోతున్నా, పిల్లల మీద ఊరికే అరుస్తున్నా మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. పెద్దవాళ్ల విషయంలో సలహాకు, గొడవలకు 14567 ఎల్డర్‌లైన్ ఉంది. నంబర్లు నాన్నగారి ఫోన్‌లో కూడా వేయండి.

ఏజెన్సీకి జవాబు చెప్పే ముందు చేయాల్సిన పని ఒకటి మిగిలింది. ఈ ఆదివారం గుంటూరు వెళ్లినప్పుడు నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ అమ్మాయికి ఫోన్ చేయండి. నంబర్ మీ దగ్గర లేకపోతే ఏజెన్సీని అడగండి. మాట మీరు మొదలుపెట్టినా, "ఉంగరం ఇంట్లోనే దొరికిందమ్మా, పొరపాటు నాది" అన్నది నాన్నగారి నోటి నుంచే రావాలి. ఆమెకు రావాల్సిన జీతం ఎన్ని రోజులది ఆగిందో లెక్కగట్టి అదే రోజు పంపండి. ఆమె మళ్లీ వస్తానన్నా, రానన్నా పంపండి. వస్తానంటే ఇదివరకటిలా కాదు, మధ్యాహ్నం మూడు గంటలు, ఆదివారం సెలవు అని కూడా చెప్పండి. రానంటే బతిమాలొద్దు, అది ఆమె హక్కు.

ఫోన్ పెట్టేసే ముందు ఒక్క నిమిషం అమ్మగారి చెవి దగ్గర పెట్టండి. మాట ముద్దగానే వస్తుంది, మీకు సగం అర్థం కాకపోవచ్చు. రెండు నెలలు విన్న మనిషి, ఆమెకు అర్థమవుతుంది.